బండిలో ఆర్ఓ: చాన్నాళ్లు ఆపి ఉంచాక నీళ్లు వాసన, టీడీఎస్ ఎక్కువ. మెంబ్రేన్ పోయినట్టేనా?

గాలిపటం (హూడి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. పాత ఫోర్స్ ట్రావెలర్ ఒకటి కొని, లోపల మంచాలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించి ఇల్లులా చేసుకున్నాం. మావారు, నేను, పాప, అత్తయ్య. సెలవులు దొరికితే బండిలోనే తిరుగుతాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, లాడ్జి మెట్లు ఎక్కలేరు. బయటి నీళ్లు ఆవిడకి అస్సలు పడవు, ఒక్క పూట తాగినా కడుపు పాడవుతుంది. ఆవిడ కోసమే బండిలో ఆర్ఓ పెట్టించాం.

సెటప్ చెప్తాను. సీటు కింద 120 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ట్యాంకు. దాన్నుంచి 12 వోల్టుల చిన్న పంపు వంటగట్టు కొళాయికీ, ఆర్ఓకీ నీళ్లు తోస్తుంది. ఆర్ఓ మామూలు ఇంటి రకమే. బయటి డబ్బా తీసేసి, లోపలి సామాను మొత్తం ప్లైవుడ్ పలకకి బిగించి వంటగట్టు కింద పెట్టారు. వరసగా మట్టిని ఆపే స్పన్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, ప్రెజర్ పెంచే 24 వోల్టుల బూస్టర్ పంపు, ఉప్పుని ఆపే 80 జీపీడీ (రోజుకి 80 గ్యాలన్ల) మెంబ్రేన్, సూక్ష్మజీవుల్ని చంపే యూవీ లైటు, పోస్ట్ కార్బన్, చివర 7 లీటర్ల చిన్న ట్యాంకు.

వానాకాలమంతా బండి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే ఉండిపోయింది. మొన్న ట్యాంకు నింపి ఆర్ఓ ఆన్ చేస్తే మొదటి గ్లాసు నీళ్లు ఆరని తడిగుడ్డ వాసన కొట్టాయి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్ పెడితే 165 చూపించింది. పెద్ద ట్యాంకులో నీళ్లు 430. ఇదివరకు ఆర్ఓ నీళ్లు 40 దాటేవి కావు.

సర్వీస్ వాళ్లని పిలిపించాం. వచ్చినతను ఆ గ్లాసులో మీటర్ ముంచి చూసి, మెంబ్రేన్, పంపు, ఫిల్టర్లు అన్నీ మార్చాలన్నాడు. 7,800 అవుతుందట. ఒక్క బౌల్ (ఫిల్టర్ ఉండే డబ్బా) కూడా విప్పలేదు. అందుకే నాకు నమ్మకం కుదరలేదు.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. బండి నడుస్తుంటే వంటగట్టు కింద టక్ టక్ మని చప్పుడు, పంపు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది. త్వరలో లేపాక్షి, గండికోట, బెలూం గుహలు అనుకుంటున్నాం. ఈలోపు ఇది బాగవుతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

దూరపుబాట (ఎలక్ట్రానిక్ సిటీ):

ఆ టక్ టక్ సంగతి నేను చెప్తాను, మా టెంపోలో కూడా ఇదే. చిన్న ట్యాంకులో ఫ్లోట్ ఉంటుంది కదా, నీళ్లు నిండగానే పంపుని ఆపేది. బండి కుదిపినప్పుడల్లా నీళ్లు ఊగి ఫ్లోట్ పైకీ కిందికీ ఆడుతుంది. దాంతో పంపు, కరెంటుతో నీళ్లని ఆపే సోలెనాయిడ్ వాల్వ్ రెండూ కొట్టుకుంటాయి. ఇంట్లో రోజుకి నాలుగైదు సార్లు పనిచేయాల్సిన వాల్వ్ ఒక్క ఘాట్ రోడ్డులో వందల సార్లు కొట్టుకుంటే ఎన్నాళ్లు వస్తుంది? డ్రైవర్ చేతికి అందేలా ఒక స్విచ్ పెట్టించి, బండి కదిలే ముందు ఆర్ఓ లైన్ మొత్తం ఆపేయండి. ఆగినచోట ఆన్ చేసుకోండి. చప్పుడూ ఉండదు, ఏదైనా పైపు ఊడినా బండి లోపల నీళ్లు పారవు.

ఆర్ఓ బయటికి వదిలేసే ఉప్పు నీళ్లు, అదే వేస్ట్ నీళ్ల గురించి మీరు రాయలేదు. మేం ఆ పైపుని మళ్లీ పెద్ద ట్యాంకులోకే తిప్పాం, నీళ్లు ఆదా అవుతాయి.

నీళ్లమేస్త్రీ (కేఆర్ పురం):

అమ్మా, ఇప్పుడే డబ్బులు కట్టకండి. ఆగి ఉన్న మెషీన్ మొదటి గ్లాసు చూసి మెంబ్రేన్ పోయిందని ఎవరూ చెప్పలేరు. నేను కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఆర్ఓ సర్వీస్ చేస్తాను, మాది మదనపల్లె. హోస్కోటె రోడ్డులో ఇలాంటి బండ్లు తయారుచేసే షెడ్డువాళ్లు కూడా నన్నే పిలుస్తారు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ 165 సంగతి. పంపు ఆగితే ప్రెజర్ ఉండదు. మెంబ్రేన్‌కి ఒక పక్క ఉప్పునీళ్లు, ఇంకో పక్క మంచినీళ్లు అలాగే నిలబడిపోతాయి. ఉప్పు మెల్లగా మంచినీళ్ల వైపుకి దిగుతుంది. రాత్రంతా ఆగిన ఇంటి మెషీన్‌లో కూడా పొద్దున మొదటి గ్లాసు టీడీఎస్ ఎక్కువే ఉంటుంది. మీది నెలల తరబడి ఆగింది. కాబట్టి మెంబ్రేన్ నుంచి వచ్చే మంచినీళ్ల సన్న పైపుని యూవీ కంటే ముందే ఊడదీసి, బకెట్‌లోకి వదిలి, పదిహేను నిమిషాలు నీళ్లు పోనివ్వండి. ఆ తర్వాత గ్లాసులో పట్టి మీటర్ పెట్టండి. అదే అసలు లెక్క. ట్యాంకు టీడీఎస్‌లోంచి ఈ టీడీఎస్ తీసేసి, వచ్చినదాన్ని ట్యాంకు టీడీఎస్‌తో భాగిస్తే ఎంత శాతం ఉప్పు ఆపుతోందో తెలుస్తుంది. 90 శాతం దగ్గర్లో ఉంటే మెంబ్రేన్ జోలికి పోవద్దు. 80 కిందికి వస్తే మార్చాల్సిందే. మధ్యలో ఉంటే మాత్రం తప్పు పంపుదా, వైరుదా అని ముందు చూడాలి.

వైరు అని ఎందుకంటున్నానంటే, మీ బండి బ్యాటరీ 12 వోల్టులు, బూస్టర్ పంపు 24 వోల్టులది. మధ్యలో వోల్టేజ్ పెంచే కన్వర్టర్ పెట్టి ఉంటారు, లేదా ఇన్వర్టర్ నుంచి మామూలు అడాప్టర్‌కి ఇచ్చి ఉంటారు. సన్న వైరు లాగితే పంపు తిరిగేటప్పుడు వోల్టేజ్ పడిపోతుంది. అప్పుడు పంపు చప్పుడు చేస్తుంది కానీ ప్రెజర్ కట్టదు, ప్రెజర్ లేకపోతే ఎంత మంచి మెంబ్రేన్ అయినా ఉప్పుని సరిగా ఆపలేదు. మల్టీమీటర్‌ని పంపు తిరుగుతుండగానే దాని రెండు వైర్ల దగ్గర పెట్టి చూడండి. పంపు ఆగి ఉన్నప్పుడు చూస్తే 24 బాగానే కనపడుతుంది, దాన్ని నమ్మకూడదు.

తర్వాత కొలగ్లాసు తీసుకొని ఒక నిమిషం మంచినీళ్లు, ఒక నిమిషం వేస్ట్ నీళ్లు పట్టండి. 80 జీపీడీ అంటే కాగితం మీద గంటకి 12 లీటర్ల పైచిలుకు. మన దగ్గర నిమిషానికి 150 నుంచి 200 మిల్లీలీటర్లు వస్తే బాగున్నట్టే. వేస్ట్ దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. వేస్ట్ ధార సన్నబడిందంటే సంతోషించకండి. ఎఫ్ఆర్ అని వేస్ట్ లైన్లో ధారని అదుపుచేసే వేలంత ముక్క ఉంటుంది, అందులో సున్నం పట్టింది అని అర్థం. వైట్‌ఫీల్డ్ బోరు నీళ్లు వాడేవాళ్లకి ఇది మామూలే. బయటికి పోవాల్సిన ఉప్పు లోపలే ఉండి మెంబ్రేన్ మీద గట్టిపడుతుంది. మెంబ్రేన్ కంటే ఎఫ్ఆర్ ఎంతో చవక, ముందు దాన్ని మార్చండి. రెండు ధారలూ సన్నగా ఉంటే స్పన్ మూసుకుపోయిందేమో చూడాలి.

ఇప్పుడు వాసన. నా అనుమానం మెంబ్రేన్ మీద లేదు, కార్బన్ మీదా, ఆ 7 లీటర్ల ట్యాంకు మీదా ఉంది. కార్బన్ నీళ్లలో ఉన్న క్లోరిన్‌ని పీల్చేస్తుంది. మెంబ్రేన్‌కి క్లోరిన్ పడదు కాబట్టి అది తప్పనిసరి. కానీ క్లోరిన్ పోయాక ఆ నీళ్లకి రక్షణ ఏమీ ఉండదు. గాలాడని చోట నెలల తరబడి నిలబడితే సూక్ష్మజీవులు పెరగడానికి కార్బన్ అంత అనువైన చోటు ఇంకోటి లేదు. బౌల్ విప్పి లోపలి గోడ మీద వేలితో రాయండి. జారుడుగా, కలబంద గుజ్జు తాకినట్టు ఉంటే అదే జిగురు పొర. స్పన్ తీసి నిలువుగా కోసి చూడండి, మట్టి రంగు లోపలి పొరల దాకా దిగి ఉంటే దాని పని అయిపోయింది. యూవీ ఉంది కదా అని ధైర్యం వద్దు. లైటు వెలిగేటప్పుడు దాని ముందు నుంచి పోయిన నీళ్లకే అది పనిచేస్తుంది. ఆ తర్వాత కార్బన్‌లో, ట్యాంకులో నిలబడిన నీళ్లని అది కాపాడదు.

పెద్ద ట్యాంకుని కూడా కడగాలి. వాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్, లీటరు నీళ్లకి 1 మిల్లీలీటర్ చొప్పున, అంటే మీ ట్యాంకుకి 120 మిల్లీలీటర్లు. 50 పీపీఎం (లీటరుకి 50 మిల్లీగ్రాముల) క్లోరిన్ అవుతుంది. ఆర్ఓకి పోయే వాల్వ్ కట్టేయడం మాత్రం మరవద్దు, అంత క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది. వంటగట్టు కొళాయి తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదలండి, అప్పుడు పైపుల్లోకి కూడా చేరుతుంది. నాలుగు గంటలు ఉంచి మొత్తం ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. టాయిలెట్ యాసిడ్ లాంటివి ఏవీ దీంతో కలవకూడదు, విషవాయువు వస్తుంది. ఇదంతా అయ్యాకే కొత్త స్పన్, కొత్త కార్బన్లు వేయండి. ముందే వేస్తే ఆ మురికి వాటికే పడుతుంది.

దూరపుబాట గారూ, మీ స్విచ్ సలహా చాలా మంచిది, అందరూ పెట్టించుకోవాలి. వేస్ట్‌ని మళ్లీ ట్యాంకులోకి తిప్పడం మాత్రం నేను ఒప్పుకోను. 430 టీడీఎస్ ఉన్న 120 లీటర్లలోంచి 60 లీటర్ల మంచినీళ్లు తీశారనుకోండి. ఉప్పు దాదాపు మొత్తం మిగతా 60 లీటర్లలోనే ఉండిపోతుంది, టీడీఎస్ 800 దాటుతుంది. స్నానానికీ, అంట్లకీ ఆ నీళ్లే. మెంబ్రేన్‌కీ అవే. వేస్ట్‌కి వేరే క్యాన్ పెట్టుకొని బాత్రూమ్‌కి వాడుకోవడం మేలు.

రాగిముద్ద (బనశంకరి):

మేస్త్రీ గారు చెప్పిన పద్ధతి బాగుంది కానీ అసలు బండిలో ఆర్ఓ అవసరమా అని నా ప్రశ్న. లీటరు మంచినీళ్ల కోసం రెండు లీటర్లు పారబోసే మెషీన్ 120 లీటర్ల ట్యాంకు మీద పెట్టడం నాకు బాధగా ఉంటుంది. 2024 ఎండాకాలంలో ఈ ఊళ్లో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం ఎలా ఎదురుచూశారో అందరం చూశాం. అదే ఏడాది అక్టోబర్‌లో కావేరి నీళ్ల పథకం ఐదో దశ మొదలైంది, మహదేవపుర వైపు పల్లెలకి కూడా లైన్లు వస్తున్నాయి. కావేరి నీళ్లకి ఆర్ఓ అక్కర్లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్ఓ వాడనివ్వొద్దని చెప్పింది. మా బండిలో కార్బన్, యూఎఫ్ (సన్న రంధ్రాల ఫిల్టర్) మాత్రమే ఉన్నాయి. బయల్దేరే ముందు ఇంట్లో కావేరి నీళ్లు నింపుకుంటాం. కరెంటు ఖర్చు లేదు, వేస్ట్ లేదు.

నీళ్లమేస్త్రీ (కేఆర్ పురం):

కావేరి నీళ్లు నింపుకున్నంతవరకు మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ నీళ్లకి ఆర్ఓ పెట్టమని అడిగినవాళ్లకి నేనే వద్దని చెప్తాను. కానీ వీళ్లు పోతున్నది లేపాక్షి, గండికోట వైపు. దారిలో ట్యాంకు ఖాళీ అయితే నింపుకునేది బోరు నీళ్లే. అనంతపురం జిల్లాలో, ఇటు కోలారు, చిక్కబళ్లాపురం వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. మన టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. అది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం లవణాల అంచనా ఇస్తుంది, అంతే. 400 టీడీఎస్ ఉన్న నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. యూఎఫ్ దాన్ని ఆపలేదు. కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్ఓ మాత్రం చాలావరకు ఆపుతుంది. మా తాలూకాల్లో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లు గారపట్టిన పిల్లల్ని, నడుం వంగిన పెద్దవాళ్లని చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకే ఈ విషయంలో గట్టిగా చెప్తున్నా.

గాలిపటం గారూ, ఇంకొక్కటి చూసుకోండి. కొన్ని మెషీన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. రుచి కోసం మెంబ్రేన్ దాటని నీళ్లని కొంచెం కలుపుతుంది. తెలియని ఊళ్ల నీళ్లు పట్టే బండిలో అది పూర్తిగా మూసే ఉండాలి. అది తెరిచి ఉంటే ఫ్లోరైడ్ కూడా దాంతోపాటే గ్లాసులోకి వస్తుంది.

గాలిపటం (హూడి, బెంగళూరు):

అన్నా, మీరు చెప్పినట్టే చేశాం. మావారు మెంబ్రేన్ పైపు విప్పి బకెట్‌లోకి వదిలారు, పదిహేను నిమిషాలయ్యాక మీటర్ 42 చూపించింది. లెక్కేస్తే 90 శాతం. మెంబ్రేన్ బాగానే ఉంది! అత్తయ్యకి చెప్తే ఆ సర్వీస్ అతనికి డబ్బు కట్టనందుకు చాలా సంతోషించారు.

పంపు దగ్గర తిరిగేటప్పుడు వోల్టేజ్ 23 పైనే ఉంది. కార్బన్ బౌల్ గోడ మీద మీరు చెప్పిన జిగురు నిజంగానే ఉంది, వేలికి అంటుకొని తీగలా సాగింది. చిన్న ట్యాంకు మూత అంచు కింద నల్లటి చారలు. టీడీఎస్ కంట్రోలర్ ఉంది, సగం తెరిచి ఉంది, మూసేశాం. 42 అనేది ఆ మర కంటే ముందున్న పైపులో పట్టిన నీళ్లదే. స్పన్, కార్బన్, పోస్ట్ కార్బన్ మూడూ కలిపి ఆ 7,800లో నాలుగో వంతు కూడా కాలేదు. పెద్ద ట్యాంకు క్లోరిన్‌తో కడిగాం, చిన్నదాన్ని విడిగా తీసి సీసాలు కడిగే బ్రష్‌తో తోమాం. ఇప్పుడు వాసన లేదు.

రెండు సందేహాలు. బౌల్ మళ్లీ బిగిస్తే అంచు నుంచి సన్నగా చెమ్మ వస్తోంది. రెండోది, గండికోట నుంచి వచ్చాక పాప పరీక్షలు, బండి మళ్లీ చాన్నాళ్లు ఆగుతుంది. ఈసారి ఇలా కాకుండా ఏం చేయాలి?

దూరపుబాట (ఎలక్ట్రానిక్ సిటీ):

మేస్త్రీ గారూ, మీ లెక్క చదివాక మా పెద్ద ట్యాంకు మీటర్‌తో చూశాం. నింపినప్పటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. వేస్ట్ పైపుకి వేరే క్యాన్ పెడుతున్నాం.

నీళ్లమేస్త్రీ (కేఆర్ పురం):

చాలా సంతోషం అమ్మా. చెమ్మ వచ్చేది బౌల్ అంచులో ఉండే ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు) వల్ల. తీసి తుడిచి, గాడిలో మట్టి లేకుండా చూసి, ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు పలచగా రాసి పెట్టండి. వాజిలిన్ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. స్పానర్‌తో బలంగా తిప్పినా లాభం లేదు, బండి కుదుపుకి బౌల్ వెంట్రుకవాసి పగులుతుంది. అలాగే ప్రతి పైపు చివర బ్లేడుతో అడ్డంగా సమానంగా కోసి ఉందా, లోపలికి పూర్తిగా దిగిందా, లాక్ క్లిప్ ఉందా చూసుకోండి. ఇంట్లో గోడ కదలదు, మీ గోడ గంటకి అరవై కిలోమీటర్లు పోతుంది. పైపులు బిగుతుగా లాగి ఉంటే కొంచెం వదులు ఇచ్చి చుట్టండి. పంపు కింద రబ్బరు ముక్కలు ఉన్నాయో లేదో చూడండి.

బండి ఆపి ఉంచేటప్పుడు అన్నిటికంటే మంచిది వారానికోసారి ఇరవై నిమిషాలు ఆర్ఓ నడపడం. మీ బేస్‌మెంట్‌లోనే ఉంది కాబట్టి కష్టం కాదు. వచ్చిన నీళ్లు మొక్కలకి పోయండి. పెద్ద ట్యాంకులో పాత నీళ్లు నిల్వ ఉంచకండి, దీని కోసం ఒకటి రెండు బిందెలు పోస్తే చాలు.

అలా కుదరదు, నెల దాటి ఆగుతుంది అంటే మెంబ్రేన్ బయటికి తీసేయండి. ఒకసారి తడిసిన మెంబ్రేన్ ఎండిపోకూడదు, అలాగని ఉత్త నీళ్లలో ఉంచినా పాచి పడుతుంది. ఫుడ్ గ్రేడ్ సోడియం మెటాబైసల్ఫైట్ లీటరు మంచినీళ్లకి 10 గ్రాములు కలిపి, గట్టి జిప్ కవర్లో మెంబ్రేన్ మునిగేలా పోసి, గాలి లేకుండా మూసి, ఇంట్లో నీడలో పెట్టండి. ఆ నీళ్లు ఆర్ఓ నీళ్లయితే ఇంకా మంచిది. నెలకోసారి ద్రావణం మార్చండి. పొడి ఘాటుగా ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లు కలపకూడదు. స్పన్, కార్బన్ తీసి పారేసి బౌల్స్ తుడిచి ఆరబెట్టి, మూతలు వదులుగా ఉంచండి. చిన్న ట్యాంకు కూడా ఖాళీగా, పొడిగా ఉండాలి.

మళ్లీ బయల్దేరేటప్పుడు మెంబ్రేన్ పెట్టే తీరు చూసుకోండి. రెండు చిన్న ఓ రింగులున్న కొన ముందు లోపలికి పోవాలి, వెడల్పు రబ్బరు అంచు ఉన్న కొన మూత వైపు రావాలి. గంట సేపు నీళ్లు పారబోశాకే తాగండి.

గండికోట దగ్గర బండిని ఎండలో మూసి నిలబెట్టకండి. మెంబ్రేన్లకి కంపెనీలు ఇచ్చే హద్దు సాధారణంగా 45 డిగ్రీలు, మూసిన బండి లోపల వేడి ఎండాకాలంలో దాన్ని తేలిగ్గా దాటుతుంది. నీడ దొరక్కపోతే వంటగట్టు కింది తలుపు తెరిచి, పక్క కిటికీ తీసి ఉంచండి. సాయంత్రం చల్లబడ్డాక ఆర్ఓ ఆన్ చేసి, మొదటి రెండు గ్లాసులు పారబోసి అత్తయ్యగారికి పట్టండి.